ముష్టియుద్ధమును గూర్చిన వాదము: ఒక లెక్కల పాఠము

ముష్టియుద్ధము, అనఁగా బాక్సింగు, నేఁడు మన బాలబాలికలకు క్రొత్త మాట కాదు. నిజామాబాదు బిడ్డయైన నిఖత్ జరీను 2022వ సంవత్సరము మే నెలలో ఇస్తాంబులు నగరమున ప్రపంచ విజేత యైనది మొదలు ఈ క్రీడను గూర్చి యింటింటను మాటాడుకొనుచున్నారు. అంతకు ముందుగనే మన బోర్డింగు బాలురలో కొందఱు పరదేశపు ముష్టియోధుల పేళ్లను కంఠస్థము చేసి, ఎవఁడు గెలుచునని వాదించుకొనుచుండిరి. అట్టి వాదములలో నొకదానియందు నేనును పాల్గొని తప్పితిని. ఆ తప్పును దాఁచుటకంటె చెప్పుటవలననే విద్యార్థులకు మేలు కలుగునని తలఁచి యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

1. క్రూజరువెయిటు తరగతి

బరువైనవాని గుద్దునకు తేలికవాఁడు తాళలేఁడు గావున ముష్టియోధులను తూనికనుబట్టి తరగతులుగా విభజింతురు. లైటు హెవీవెయిటు తరగతికి 175 పౌనులు మేర. దానిని మించినవారందఱును ఒకప్పుడు హెవీవెయిటు తరగతిలోనే పోరాడవలసి యుండెను. 180 పౌనులవాఁడు 230 పౌనులవానితో తలపడుట సరిజోడు కాదని యెంచి, ఈ రెంటికిని నడుమ క్రూజరువెయిటను తరగతిని కల్పించిరి. క్రూజరనఁగా పెద్ద యుద్ధనౌకకంటె చిన్నదియు వేగము గలదియు నగు నౌక. ఈ తరగతిలో ప్రపంచ పదవికై మొదటి పోరు 1979వ సంవత్సరము డిశంబరు 8వ తేదీన, అప్పటి యుగోస్లావియాలోని స్ప్లిట్ పట్టణమున జరిగి, గెలుపోటములు లేక ముగిసెను. ఆనాఁడు మేర 190 పౌనులు. తరువాత దానిని 200 పౌనులకు, అనఁగా ఇంచుమించు 90 కిలోల 700 గ్రాములకు పెంచిరి.

ప్రపంచ పదవి నొసఁగు ముఖ్య సంస్థలు నాలుగు. ఒక్కొక్క సంస్థయు నొక్కొక్క బెల్టు నిచ్చును గనుక ఒకే కాలమున నలుగురు ప్రపంచ విజేతలుండుటయు కలదు. ఈ చిక్కు తీఱునట్లు 2017వ సంవత్సరమున ఎనమండుగురు క్రూజరువెయిటు యోధులతో నొక పోటీ నేర్పఱచిరి. చివరకు మిగిలినవారు ఇద్దఱు: ఉక్రెయిను దేశస్థుఁడగు ఒలెక్సాండర్ ఉసికు, రష్యా దేశస్థుఁడగు మురాత్ గాసియెవు. ఇద్దఱియొద్దను రెండేసి బెల్టులు. ఇద్దఱును ఓటమి యెఱుఁగనివారు. 2018వ సంవత్సరము జులై 21వ తేదీన మాస్కో నగరమున వారి పోరు నిశ్చయమయ్యెను.

2. ఉభయ పక్షముల వాదము

గాసియెవు పక్షమువారు చెప్పినదేమనఁగా: అతని వయస్సు 24 ఏండ్లు మాత్రమే. 26 పోరులు గెలిచి, అందులో 19 మందిని పడఁగొట్టెను. అతఁడు తలకంటె ప్రక్కటెముకల క్రింద కొట్టుటలో గట్టివాఁడు. 2017 అక్టోబరులో పోలండు దేశపు వ్లొదార్చికును మూఁడవ రౌండులోనే కూలఁగొట్టెను. 2018 ఫిబ్రవరిలో సోచి నగరమున, అంతవఱకు ఓటమి లేని దోర్తికోసును పండ్రెండవ రౌండులో మఱిమఱి పడవేసి గెలిచెను. కడవఱకు బలము తగ్గనివాఁడనుటకు ఇంతకంటె నిదర్శన మేమి? పైఁగా పోరు జరుగునది అతని దేశముననే.

ఉసికు పక్షమువారు ఇట్లు చెప్పిరి: అతఁడు 2012 లండను ఒలింపిక్సులో స్వర్ణపతకము గెలిచినవాఁడు. ఎడమచేతి వాటమువాఁడు. వాని పాదములు ఒకచోట నిలువవు. గెలిచిన పోరులు 14 మాత్రమే యైనను, పోలండువానిని పోలండులోను, జర్మనీవానిని బెర్లినులోను, లాట్వియావానిని రీగాలోను, అనఁగా ఎదుటివాని గడ్డమీఁదనే గెలిచి వచ్చెను. కావున మాస్కో అతనికి క్రొత్త భయము కాదు.

దానికి మొదటి పక్షమువారి ప్రత్యుత్తరము: రీగాలో బ్రియెడిసుతో జరిగిన పోరులో ఒక న్యాయనిర్ణేత సరిసమానమని తీర్పు చెప్పెను. తక్కిన యిద్దఱును 115కు 113 అని, రెండే గుణముల తేడాతో ఉసికును గెలిపించిరి. బ్రియెడిసుతోనే అంత ప్రయాసపడినవాఁడు గాసియెవు గుద్దులకు తాళునా?

వీటికి తోడు మఱియొక అనుమానము. 2014వ సంవత్సరమునుండి ఆ రెండు దేశములకును వైరము. మాస్కోలో ఉక్రెయినువానికి న్యాయమైన తీర్పు దొరకునా యని పలువురు శంకించిరి.

3. నా తప్పు

ఒకనాఁటి రాత్రి భోజనములైన పిదప బోర్డింగు వరండాలో బాలురు ఈ వాదము సాగించుచుండఁగా నేనటు పోవుట తటస్థించెను. నా యభిప్రాయ మడిగిరి. నేను గాసియెవు పక్షము. “ఇందులో వాదమేమున్నది? ఒకఁడు 19 మందిని పడఁగొట్టెను, రెండవవాఁడు 11 మందినే. 19 ఎక్కువయా, 11 ఎక్కువయా?” అంటిని. అందఱును నవ్విరి.

తొమ్మిదవ తరగతి బాలుఁడొకఁడు మెల్లగా, “మాస్టారండీ, 26కు 19, 14కు 11 కదండీ. శాతము కట్టి చూడవలదా?” అనెను. నేను మాఱుపలుకకుండుట చూచి మఱల, “గాసియెవు 2016లో లెబెదెవుతో పోరాడినపుడు ముగ్గురు నిర్ణేతలలో ఒకరు లెబెదెవే గెలిచెననిరి. లెబెదెవుది ఎడమచేతి వాటము. ఉసికుదియు నదే కదండీ?” అని యడిగెను.

నాయొద్ద ప్రత్యుత్తరము లేదు. లేదని యొప్పుకొనుటకు మాఱుగా, “పెద్దలు మాటాడునపుడు అడ్డురాఁగూడదు” అని గద్దించి వచ్చితిని. ఆ బాలుఁడు తల వంచుకొనెను.

గదికి వచ్చి లెక్క వేసితిని. 19ని 26చే భాగించిన నూటికి 73; 11ని 14చే భాగించిన నూటికి దాదాపు 79. నేను ఎక్కువ యన్నది తక్కువయే. హారములు వేఱైన భిన్నములను లవములఁజూచి పోల్చరాదని ఆ బాలునికి బోధించినవాఁడను నేనే.

4. పోరు

ఆ శనివారము మాస్కోలో ఉసికు మొదటినుండియు కుడిచేతితో చిన్న గుద్దులు వేయుచు, ఎదుటివానిని కుదురుగా నిలువనీయలేదు. గాసియెవు పెద్ద గుద్దునకై పాదములు నిలుపుకొనునంతలో ఉసికు ప్రక్కకు జరిగిపోవుచుండెను. ఎవరును పడలేదు. పండ్రెండు రౌండ్లును ముగిసినవి.

ప్రతి రౌండునందును గెలిచినవానికి 10, ఓడినవానికి సాధారణముగా 9 గుణము లిత్తురు. ఒక నిర్ణేత 120కి 108 అని వ్రాసెను. అనఁగా పండ్రెండు రౌండ్లును ఉసికువే. తక్కిన యిద్దఱును 119కి 109 అనిరి. అనఁగా గాసియెవునకు ఒక్క రౌండు మాత్రమే. న్యాయము దొరకదని భయపడినవారి భయమును నిజము కాలేదు. నాలుగు బెల్టులును ఉసికువయ్యెను.

సోమవారమునాఁడు తరగతిలో ఆ బాలుని పిలిచి, రెండు భిన్నములను నల్లబల్లమీఁద వ్రాయించి, నేనన్న మాట తప్పనియు, గద్దించుట అంతకంటె పెద్ద తప్పనియు అందఱి యెదుటను చెప్పితిని.

5. గ్రహింపవలసినది

ఉసికు గెలిచినందున ఆ బాలుని మాట ఒప్పయ్యెనని యనుకొనరాదు. ఉసికు ఓడియున్నను నా లెక్క తప్పే. ఫలితము వేఱు, తర్కము వేఱు. అంతేకాదు, 79 అను శాతమును చాలదు. 14 పోరులు కొద్దియే. ఎవరితో పోరాడెను, వారు ఎదుట నిలుచు స్వభావముగలవారా, తప్పించుకొను నేర్పుగలవారా యని విచారింపవలెను. లెబెదెవును గూర్చిన ప్రశ్న అట్టిది. శాతముకంటె అదియే విలువైనది.

కావున ఎవరిని గూర్చి వాదించునప్పుడైనను మూఁటిని వేఱుచేసికొనుఁడు: చూచినది, ఊహించినది, కోరినది. 19 అను సంఖ్య చూచినది. “కావున ఉసికును గూడ పడఁగొట్టును” అనునది ఊహించినది. పడఁగొట్టవలెననునది నా కోరిక. నేను మూఁడవదానిని మొదటిదానివలె చెప్పితిని.

మఱియొక మాట. పందొమ్మిదిమందిని పడఁగొట్టెనని సంతోషముతో చెప్పితిమి గాని, ఆ సంఖ్యలో పందొమ్మిదిమంది మనుష్యులున్నారు. 1982వ సంవత్సరము నవంబరు 13వ తేదీన లాస్ వేగాసులో కిమ్ దుక్ కూ అను కొరియా యోధుఁడు పదునాలుగవ రౌండులో పడి, తలకు తగిలిన దెబ్బచేత కొన్నిదినములకు మరణించెను. అటుపిమ్మటనే 15 రౌండ్లుగా నుండిన ప్రపంచ పదవీ యుద్ధములను 12 రౌండ్లకు తగ్గించిరి. వరండాలో కూర్చుండి లెక్క వేయువాఁడు ఆ లెక్క యెవరి దేహముమీఁద వ్రాయఁబడినదో మఱవరాదు.

అభ్యాసము

1. ఎవరును పడని 12 రౌండ్ల పోరులో నిర్ణేత 118కి 110 అని వ్రాసిన, ఎవరికెన్ని రౌండ్లు?

2. ఇద్దఱు క్రికెటు ఆటగాండ్రలో నొకఁడు 30 ఆటలలో 900, రెండవవాఁడు 20 ఆటలలో 700 పరుగులు తీసెను. ఎవఁడు మేలని చెప్పుటకు ముందు మీరడుగవలసిన ప్రశ్నలు నాలుగు వ్రాయుఁడు.

3. ఉసికు హెవీవెయిటు తరగతికి పోయినపుడు అచ్చట వాఁడు మిక్కిలి చిన్నవాఁడగునని పలువురు వాదించిరి. వాఁడు 2024 మే 18వ తేదీన రియాదులో టైసన్ ఫ్యూరీని గెలిచి, ఆ తరగతిలోను నాలుగు బెల్టులు పొందెను. ఆ వాదములో చూచినది ఏది, ఊహించినది ఏది?