తాతల ఊరిని వెదకు విధము

పాఠశాలలో ప్రవేశపత్రములు నింపు దినములలో తలిదండ్రులు ఒక ప్రశ్నకడ తప్పక ఆగుదురు. బాలుని జన్మస్థలము భివండి యనియో, పూర్ణ యనియో, కల్యాణ మనియో తడుముకొనక చెప్పుదురు. తాతగారి ఊరేది యని అడిగినచో మాత్రము కొందరు "కరీంనగరము వైపు" అందురు; కొందరు "వరంగల్లు దిక్కు" అందురు; పలువురు "తెలంగాణము" అని ఊరకుందురు. రెండవ తరమువారికి తెలిసిన ఊరు మూడవ తరమునకు జిల్లా యగుచున్నది; నాల్గవ తరమునకు ఆ జిల్లాయే రాష్ట్రమగుచున్నది. ఇట్లు జారిపోవుచున్న ఊరిని తిరిగి పట్టుకొనుటకు మార్గములు కలవా, కలవేని అవి యెక్కడనున్నవి అని విచారించుట ఈ వ్యాసోద్దేశము.

ఈ విద్యయందు ఆరితేరినవారు ఐర్లండు దేశీయులు. 1845 మొదలు 1852 వరకు ఆ దేశమున ఆలుగడ్డ పంటకు తెగులు సోకి ఘోరమైన కరవు వచ్చెను. పది లక్షలమంది మరణించిరి. అంతకు తక్కువ గాకుండ జనులు ఓడలెక్కి అమెరికా మొదలగు దేశములకు పోయిరి. వారి మునిమనుమలు నేడు తాతల పల్లెను వెదకుచు వచ్చుచున్నారు. వీరికి వచ్చిన చిక్కు ఏమనగా, 1922 జూన్ 30వ తేదీన అంతర్యుద్ధములో డబ్లిన్ నగరమందలి ప్రభుత్వ దస్తావేజుల భవనము తగులబడిపోయెను. 1821 నుండి 1851 వరకు జరిగిన జనాభా లెక్కల కాగితములు దాదాపు పూర్తిగా అందులో బూడిదయ్యెను. అయినను వారు చేతులు ముడుచుకొనలేదు. రోమను కాథలిక్కుల బాప్తిస్మ పుస్తకములు, వివాహ పుస్తకములు ఆయా గ్రామముల చర్చిగురువుల వద్దనే యుండుటచే మంటలబారిన పడలేదు; వాని ప్రతిబింబములను ఆ దేశపు జాతీయ గ్రంథాలయమువారు 2015లో అందరికిని తెరచి యుంచిరి. రెండవ ఆధారము భూమి పుస్తకము. గ్రిఫిత్ అను నాతని ఆధిపత్యమున 1847 మొదలు 1864 వరకు దేశములోని ప్రతి కమతమునకును, ప్రతి యింటికిని విలువ కట్టి పన్ను నిర్ణయించిరి. ఆ పుస్తకమందు భూస్వామి పేరు మాత్రమే కాక ఆ యింట కాపురమున్నవాని పేరు, అతడు ఎవనివద్ద కౌలునకు పుచ్చుకొనెనో వాని పేరు సైతము వ్రాయబడినవి. ఒంటి గుడిసెలో నున్న కూలివాడు కూడ అందు చాలవరకు దొరకును.

ఈ కడపటి మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. మన కష్టమంతయు ఇక్కడనే యున్నది.

మన తెలంగాణమందును భూమి పుస్తకములు కలవు. సాలార్‌జంగు కాలమున మొదలైన కొలతలనుబట్టి గ్రామగ్రామమునకును సేత్వారు అను మూలపుస్తకము ఏర్పడినది. తరువాత 1954–55 సంవత్సరమున ఖాస్రా పహాణీయు, 1955 మొదలు 1958 వరకు చెసాలా పహాణీయు వ్రాయబడినవి. భూమి తగవులలో నేటికిని ఈ కాగితములనే మూలముగా జూపుదురు. సర్వే నంబరు, విస్తీర్ణము, శిస్తు, పట్టాదారు పేరు, సాగుచేయువాని పేరు అందుండును. వ్యవసాయ కుటుంబములవారు తాతగారి తాత వరకు వీనినిబట్టి పోవచ్చును.

అయితే పూర్ణలోను, భివండి పద్మానగరములోను మన కుటుంబములలో అధికసంఖ్యాకులు నేతపనివారు. నేతవానికి పొలమెక్కడిది? అతని గుంటమగ్గము ఊరినడుమ ఇంటిలోనే యుండెను. ఊరినడుమ నున్న ఆ స్థలమునే గ్రామకంఠ మందురు, ఆబాది యనియు నందురు. సర్వేవారు పొలములకు వేర్వేరు నంబరులిచ్చి గ్రామకంఠమును మాత్రము ఒక్క ముద్దగా గీచి విడిచిరి. అందులోని యిండ్లు ఎవరెవరివో వ్రాయలేదు. గ్రామములందలి నివాసస్థలములను ఇంటింటికి కొలిచి పత్రములిచ్చు స్వామిత్వ పథకమును కేంద్రప్రభుత్వము 2020లో గాని ఆరంభింపలేదు. కాబట్టి వందయేండ్లు ఒకే ఊర బట్టనేసిన కుటుంబము ఆ ఊరి భూమి పుస్తకములో ఒక్క పంక్తియైనను లేకుండుట వింతగాదు. పహాణీలో పేరు లేదని, "మేము ఆ ఊరివారము గామేమో" యని అనుమానపడు యువకులను మేమెరుగుదుము. ఆ యనుమానము అనవసరము. పుస్తకము పొలమును లెక్కించినది గాని మగ్గమును లెక్కింపలేదు.

ఇక ప్రయాణపు కాగితముల సంగతి. కోరంగి రేవునుండి, మదరాసు రేవునుండి చెరకుతోటల కూలికై మారిషసునకును, దక్షిణాఫ్రికాలోని నేటాలునకును పోయిన తెలుగువారు మనకంటె ఎక్కువ బాధలు పడిరి. కాని వారి సంతతికి ఒక మేలు జరిగినది. ఓడ యెక్కించునపుడు దొరతనమువారు ప్రతి కూలికిని ఒక సంఖ్య వేసి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము వ్రాసికొనిరి. 1860 నవంబరు 16న దర్బను చేరిన ట్రూరో అను ఓడలో మదరాసు నుండి పోయినవారి పట్టీ నేటికిని చదువవచ్చును. మారిషసు వలస దస్తావేజులు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థయందు భద్రముగా నున్నవి. వానిలో కొన్నింటికి ఛాయాచిత్రములు కూడ కలవు. మనుష్యుని సరుకువలె లెక్కించుటకు వ్రాసిన పట్టీ, అతని మునిమనుమనికి వంశవృక్షమైనది!

మన పెద్దలు ఓడ యెక్కలేదు. 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు రైలుమార్గము పడినది. అంతట హైదరాబాదు రాజ్యమునకును బొంబాయికిని రైలు కలిసెను. మిల్లు బట్ట వచ్చి చేతిమగ్గము కూడు పెట్టనప్పుడు మనవారు షోలాపురమునకు, బొంబాయి మిల్లులకు, అటనుండి భివండికి వచ్చిరి. 1982లో బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె మొదలైన తరువాత మరికొందరు ఇటు తరలిరి. రైలు టిక్కెట్టు కొన్నవాని ఊరిపేరు ఎవరు వ్రాసికొందురు? సముద్రము దాటినవారికి కాగితము కలదు, రైలెక్కినవారికి లేదు. మన వెదకులాట కావున ఈ యూరినుండియే మొదలు కావలెను.

ఇచ్చట మొదటి ఆధారము పాఠశాల జనరల్ రిజిస్టరు. అందు విద్యార్థి పేరు, కులము, జన్మస్థలము, జన్మతేది, పూర్వము చదివిన బడి వ్రాయబడును. తాతగారు బొంబాయిలోనో షోలాపురములోనో రెండు తరగతులైనను చదివియుండినచో ఆ పంక్తి యెంతో విలువగలది. ఇది కేవలము కుతూహలమునకు సంబంధించిన విషయము గాదు. మహారాష్ట్రమున పద్మశాలీలు విశేష వెనుకబడిన వర్గమున చేర్చబడియున్నారు. జాత్ పడతాళణీ సమితి యెదుట ఆ హక్కును నిరూపింపగోరు విద్యార్థి తన పూర్వులు 1967 అక్టోబరు 13వ తేదీకి ముందే ఈ రాష్ట్రమున నివసించుచుండిరని చూపవలెను. ఆ తేదీకి పూర్వపు బడి దాఖలా యొక్కటి యింట నున్నచో సగము శ్రమ తీరును. ఇంజనీరింగు కళాశాలలో ప్రవేశము దొరకిన పిమ్మట, గడువు పదిదినములుండగా, తాతగారు ఏ బడిలో చదివిరని బంధువులకు ఫోనులు చేయు కుటుంబములు ప్రతి వేసవియందును కానవచ్చును. పదవ తరగతికి వచ్చులోపలనే ఈ పని చేసికొనుట మంచిది. బడి దాఖలా లేనివారు మిల్లు కొలువు కాగితములను, పాత రేషను కార్డును, ఇంటిపన్ను రసీదును, మగ్గమునకు పొందిన అనుమతిపత్రమును వెదకవలెను. మహారాష్ట్రపు పల్లెలలో ముందుగా స్థిరపడిన కుటుంబములవారు కోత్వాలు పుస్తకమును చూడవలెను. గ్రామమందలి జనన మరణములను కులముతో గూడ వ్రాసిన ఈ పుస్తకమే ఐర్లండువారి చర్చి పుస్తకమునకు మనదేశమున దగ్గరిచుట్టము. పాతవి మోడి లిపిలో నుండును.

పుస్తకము దొరకినను పేరు గుర్తింపలేక పోవుట కలదు. తెలుగునాట ఇంటిపేరు ముందు. మరాఠీ పుస్తకమున చివర. మనయూర గాజుల నర్సయ్య యగువాడు ఇచ్చట తండ్రి పేరును నడుమ నిముడ్చుకొని "నర్సయ్య రాజయ్య గాజుల" యగును. కొన్నిచోట్ల వ్రాయసగాడు ఇంటిపేరు అడుగక "కామాఠీ" యనియో "తెలంగీ" యనియో వ్రాసి ముగించెను. బొంబాయిలోని కామాఠీపురమునకు ఆ పేరు వచ్చుట మనవారివలననే గదా. జిల్లాల పేరులును మారినవి. కరీంనగరము జిల్లాను 1905కు పూర్వము ఎలగందల యనిరి. నిజామాబాదును ఇందూరు అనిరి. ఇటు 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడగా సిరిసిల్ల కరీంనగరమునుండి విడిపోయెను. తేదీలకు మరియొక చిక్కు: నిజాము కాలపు కాగితములలో ఫసలీ సంవత్సరముండును. దానికి 590 కలిపినచో మనకు తెలిసిన సంవత్సరము సుమారుగా వచ్చును. ఫసలీ 1344 అనగా 1934–35 ప్రాంతము.

స్త్రీల సంగతి వేరుగా చెప్పవలసియున్నది. పైన చెప్పిన పుస్తకములన్నియు తండ్రి, తాత, ముత్తాత యని ఒకే దారిన పోవును. నాయనమ్మ పుట్టినింటి పేరు ఏ రిజిస్టరులోను లేదు. మహారాష్ట్ర ప్రభుత్వము పిల్లవాని పేరులో తల్లి పేరు చేర్చుట 2024లో గాని విధింపలేదు. మా అనుభవమున ఊరిపేరు మరచిన యిండ్లలో దానిని తెచ్చియిచ్చినది తరచుగా నాయనమ్మ పుట్టినిల్లే. "ఆమె తమ్ముడు బతుకమ్మ పండుగకు ఎచ్చటనుండి వచ్చెడివాడు?" అని అడిగినచో ముసలివారికి బస్సు ఆగు చోటు, చెరువుకట్ట, తుదకు ఊరిపేరు జ్ఞప్తికి వచ్చును. నేరుగా ఊరిపేరు అడిగినచో రాదు.

కాగితము లేనిచోట కంఠము కలదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణమును, భావనాఋషి కథను చిత్రపటము చూపుచు చెప్పు కూనపులివారు తెలంగాణమున నున్నారు. ఏ ఊరి పద్మశాలీలను ఏ కూనపులి కుటుంబము యాచింపవలెనో వారిలో వంశపారంపర్యముగా హక్కులు పంచుకొనబడియున్నవి. గోత్రమును, ఇంటిపేరును చెప్పినచో ఆ యింటివారు ఏయే ఊళ్ల నుండిరో చెప్పగల వృద్ధులు వారిలో కలరు. వారి సంఖ్య మాత్రము తగ్గుచున్నది. తీర్థపురోహితుల బహీలు మరియొక నిధి. నాసికలోను, త్ర్యంబకములోను అస్థికలు కలుపుటకో, శ్రాద్ధము పెట్టుటకో పోయిన యాత్రికుని పేరు, ఊరు, తోడవచ్చినవారి పేరులు పురోహితులు తమ పుస్తకములలో వ్రాసి తరతరములుగా కాపాడుచున్నారు. భివండి నుండి నాసిక కొన్ని గంటల ప్రయాణమే. పెద్దలు ఎన్నడైన అటు పోయియున్నచో కులమును, ఊరిని చెప్పి విచారింపవచ్చును.

సేత్వారు నకలు చేతికి వచ్చినపుడు మనవారిలో పలువురు నిరాశపడుదురు. అది ఉర్దూలో నుండును. నిజాము కాలపు బడి రిజిస్టరులును ఉర్దూవే. ఈ విషయమున భివండివారికి గల సౌకర్యము హైదరాబాదు వారికి సైతము అసూయ పుట్టింపదగినది. 1857 పిమ్మట ఉత్తరదేశమునుండి వచ్చి స్థిరపడిన మోమిన్ నేతపనివారు మన ప్రక్కవీధులలోనే యున్నారు. వారి బడులు ఉర్దూ బడులు. మన ముత్తాత పేరు వ్రాసిన కాగితమును చదువుటకు దూరము పోనక్కరలేదు. అదే వీధిలో అదే మగ్గపు చప్పుడు నడుమ నివసించు ఉర్దూ ఉపాధ్యాయుడు చదివిపెట్టును. ఉర్దూ వ్రాతలో అచ్చులు అన్నియు వ్రాయరు గనుక వెంకయ్యకును వంకయ్యకును భేదము కానరాదు. ఇంటిపేరులు మరింత వికృతములగును. అతడు అక్షరములు పలుకుచుండగా మనలో తెలుగు ఇంటిపేరులు తెలిసిన వృద్ధుడొకడు ప్రక్కన కూర్చుండి వినవలెను. ఒకరు చదువగా ఒకరు గుర్తుపట్టినచో ఆ పంక్తి అర్థమగును.