కారణం అడగకుండానే ఆసరా

కిరణ్,

టీమ్ లీడ్ అయ్యావని విని చాలా సంతోషించాను. ఫ్రీమాంట్‌లో ఆ బాధ్యత కాస్త బరువైనదే. అఫ్గానిస్తాన్‌లో 1979లో సోవియట్ సైన్యం దిగాక ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాళ్లు ఎందరో అక్కడ స్థిరపడ్డారు. సెంటర్‌విల్‌కు లిటిల్ కాబూల్ అన్న పేరు అలా వచ్చిందే. 2021 మే 26న పక్కనే శాన్ హొసేలోని రవాణా సంస్థ వీటీఏ యార్డులో ఒక ఉద్యోగి తొమ్మిదిమంది తోటివాళ్లను కాల్చి చంపాడు. మిగిలినవాళ్లు మళ్లీ ఆ పనిలోకే వెళ్లాల్సి వచ్చింది. మనవాళ్లకూ ఇది పరాయి బాధ కాదు. 2017లో కాన్సాస్‌లోని ఒలేథాలో శ్రీనివాస్ కూచిభొట్ల ప్రాణం కాల్పుల్లో పోయినప్పుడు, పక్కనున్న సహోద్యోగి అలోక్ మాదసాని గాయాలతో బయటపడ్డారు. నీ టీమ్‌లో ఎవరి వెనక ఏముందో నీకు తెలియదు. తవ్వి తెలుసుకోవాలని చూడకు.

'చెప్పుకుంటే మనసు తేలికపడుతుంది' అని మనం ప్రేమతోనే అంటాం. కానీ 1997లో బ్రిటన్‌లో జోనథన్ బిసన్ బృందం, ఒళ్లు కాలినవాళ్లలో కొందరిని కూర్చోబెట్టి జరిగిందంతా ఒక్క విడతలో చెప్పించింది. పదమూడు నెలలకు వాళ్లలో 26 శాతం మందికి పీటీఎస్‌డీ, అంటే ఘోర అనుభవం తర్వాత వెంటాడే మానసిక గాయం, కనిపించింది. చెప్పించనివాళ్లలో 9 శాతం మందికే. మొదటి గుంపు గాయాలు ముందే కాస్త పెద్దవి, కాబట్టి తేడా అంతా చెప్పించడం వల్లేనని అనను. మేలు మాత్రం కనబడలేదు. 2000లో క్రిస్ బ్రూయిన్ బృందం 77 అధ్యయనాలను కలిపి చూస్తే, పీటీఎస్‌డీకి బలంగా దారితీసేవాటిలో ఆ తర్వాత ఆసరా లేకపోవడం, బతుకులో ఒత్తిడి పెరగడం ఉన్నాయి. జరిగినదాన్ని నువ్వు మార్చలేవు. ఈ రెండూ మాత్రం కొంతవరకు నీ చేతిలోనే ఉన్నాయి.

ఉదాహరణకు, శుక్రవారం సాయంత్రం 'సోమవారం మాట్లాడాలి' అని ఒక్క ముక్క చాట్‌లో పడేస్తే, అవతలి మనిషికి మూడు రాత్రులు నిద్ర ఉండదు. దేని గురించో కూడా రాయి. ఫైర్ డ్రిల్ ఎప్పుడో తెలిస్తే ముందే చెప్పు. వెనకనుంచి వచ్చి భుజం తట్టకు. గోడకు వీపు ఆనేలా సీటు కావాలంటే ఎందుకని అడగకుండా ఇచ్చేయి.

కారణం తెలియకుండా ఇస్తే అలుసైపోతామని, మిగతావాళ్లు పక్షపాతమంటారని నీకు అనిపించవచ్చు. వీటిలో చాలావరకు అందరికీ ఒకేలా చేయదగ్గవే, పైసా ఖర్చు లేనివే. పనివేళలు మార్చడం లాంటి పెద్ద వెసులుబాటుకు హెచ్ఆర్ ఉంది. ఐదుగురు ఉద్యోగులున్న సంస్థకైనా కాలిఫోర్నియా చట్టం అలాంటి వెసులుబాట్లు చూసే బాధ్యత పెట్టింది. జబ్బు పేరు నీదాకా రావాల్సిన పనిలేదు. పైగా ఉద్యోగం పోతే 60 రోజుల్లో దారి చూసుకోవాల్సిన హెచ్-1బీ మనిషి, మేనేజరు ముందు తన గాయం విప్పుతాడా? చెప్పినవాళ్లకే సాయమంటే, అందరికంటే భయంలో ఉన్నవాళ్లే మిగిలిపోతారు.

అలాగని జాలిపడి ముఖ్యమైన పని వాళ్ల చేతిలోంచి తీసేయకు, అది అవమానం. పెద్ద దెబ్బ తిన్నవాళ్లలో ఎక్కువమంది కోలుకుంటారు. ఎవరైనా తమంతట తాము చెబితే విను, తరచి అడగకు. పనిలో ఏం మారితే వీలుగా ఉంటుందో మాత్రం అడుగు. అక్కడి తెలుగువాళ్ల పాట్‌లక్‌లలో మాట ఎంత త్వరగా పాకుతుందో నీకు తెలుసు. విన్నది ఇంట్లో కోడలికి కూడా చెప్పకు.

మీ పెదనాన్న