మీ ఫోను బ్యాటరీలో పూడిక ఎంత?

పిల్లలూ! మీ ఊరి చెరువు నిండినప్పుడు చూశారా? అలుగు పారుతుంటే ఊరంతా సంబరమే. కాని ఆ చెరువులో ఇప్పుడున్న నీళ్ళు, మీ తాతగారి చిన్నతనంలో అలుగు పారిననాడు ఉన్నన్ని ఉంటాయా? ఉండవు. ఏటేటా వరదతో కొట్టుకువచ్చిన ఒండ్రు అడుగున పేరుకుపోతుంది. అలుగు ఎత్తు మారలేదు కనుక చెరువు పైకి నిండుగానే కనిపిస్తుంది. లోపల మాత్రం పట్టే నీరు తగ్గిపోయింది. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనులలో చెరువుల పూడిక తీసింది ఇందుకే గదా!

మీ ఇంట్లోని పాత ఫోను తెరమీద కనిపించే "100 శాతం" కూడా ఇటువంటిదే. అది "ఇప్పుడు పట్టగలిగినంత నిండింది" అని చెబుతుంది. కొన్ననాడు పట్టినంత ఉందని చెప్పదు. మరి ఎంత తగ్గిందో తెలుసుకోవడం ఎలా? దీనికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. ఒక గడియారం, ఒక నోటు పుస్తకం, కొంచెం ఓపిక ఉంటే చాలు.

ముందుగా మా తరగతిలో జరిగిన ఒక సంగతి చెబుతాను.

జగిత్యాల జిల్లాలో ముత్యంపేట అనే ఊరుంది. 2015లో మూతపడిన చక్కెర కర్మాగారం ఉన్న ఊరది. అక్కడి నుంచి వచ్చే మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, ఒక శనివారం నాడు ముఖం చిన్నబుచ్చుకొని కూర్చుంది. ఏమిటని అడిగాను. వాళ్ళ నాన్న ఖతర్‌లో పని చేస్తున్నాడు. శుక్రవారం సెలవు గనుక ఆనాటి సాయంత్రమే తీరికగా ఇంటికి ఫోను చేస్తాడు. వారం నుంచి దాచుకున్న కబుర్లు చెబుతుండగా ఫోను టక్కున ఆగిపోయింది. "తెరమీద ఇంకా 30 శాతం ఉంది సార్! మళ్ళీ వెలిగిస్తే 28 చూపించింది. మాట్లాడబోతే మళ్ళీ ఆగిపోయింది" అన్నది.

2020 సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరి, టి-సాట్ ద్వారా పాఠాలు మొదలైనప్పుడు కొన్న చవక ఫోను అది. అమ్మ బీడీలు చుట్టి కూడబెట్టిన డబ్బుతో కొన్నది. దుకాణంలో చూపిస్తే, ఫోను పని అయిపోయింది, కొత్తది కొనుక్కోమన్నారట. నిజంగా ఫోను పని అయిపోయిందా? లేక బ్యాటరీ ఒక్కటేనా? "చూసి చెబుదాం" అన్నాను. అలా మొదలైంది మా పరీక్ష.

బ్యాటరీ లోపల ఏముంది?

ఫోనులో ఉండేది లిథియం అయాన్ ఘటం. దీనిని మొదట 1991లో సోనీ కంపెనీ అమ్మకానికి తెచ్చింది. దీని రూపకల్పనకు పునాది వేసిన గుడ్‌ఇనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

ఈ ఘటంలో ఒకవైపు లిథియం కలిసిన లోహ ఆక్సైడు ధనధ్రువంగాను, మరొకవైపు గ్రాఫైటు ఋణధ్రువంగాను ఉంటాయి. రెంటి మధ్య విద్యుద్విశ్లేష్యం ఉంటుంది. చార్జింగు పెట్టినప్పుడు లిథియం అయాన్లు ధనధ్రువాన్ని వదిలి, విద్యుద్విశ్లేష్యం గుండా ప్రయాణించి, గ్రాఫైటు పొరల మధ్యకు చేరుతాయి. ఫోను వాడుతున్నప్పుడు తిరిగి వెనక్కు వస్తాయి. పొద్దున పొలానికి పోయి సాయంత్రం ఇంటికి వచ్చే కూలీల వంటివన్నమాట.

అయితే వెళ్ళినవన్నీ తిరిగి రావు. గ్రాఫైటు మీద ఒక సన్నని పొర ఏర్పడుతుంది. కొన్ని లిథియం అయాన్లు ఆ పొరలో చిక్కుకొని పనికిరాకుండా పోతాయి. ఏళ్ళు గడిచేకొద్దీ పొర మందమవుతుంది. దీనివల్ల రెండు నష్టాలు కలుగుతాయి.

మొదటిది: పట్టే విద్యుత్తు తగ్గుతుంది. ఇది చెరువులో పూడిక వంటిది.

రెండవది: ఘటపు అంతర్నిరోధం పెరుగుతుంది. ఇది చెరువు తూములో మట్టి పేరుకోవడం వంటిది. నీళ్ళున్నా కావలసినంత వేగంగా బయటకు రావు.

30 శాతం ఉండగానే ఫోను ఆగిపోవడానికి ఈ రెండవదే ముఖ్య కారణం. మీరు చదువుకునే ఓమ్ నియమంతో దీనిని లెక్క కట్టవచ్చు. బ్యాటరీ వోల్టేజి 3.7 వోల్టులు ఉందనుకుందాం. 3.3 వోల్టులకన్నా తగ్గితే ఫోను ఆగిపోతుందనుకుందాం. మాట్లాడుతున్నప్పుడు ఒక్కొక్క క్షణంలో 1.5 ఆంపియర్ల ప్రవాహం కావలసి వచ్చింది. కొత్త బ్యాటరీ అంతర్నిరోధం 0.1 ఓమ్ అయితే లోపల తగ్గే వోల్టేజి 1.5 × 0.1 = 0.15. మిగిలేది 3.55 వోల్టులు. ఫోను నడుస్తుంది. పాత బ్యాటరీ అంతర్నిరోధం 0.4 ఓమ్ అయితే తగ్గేది 0.6. మిగిలేది 3.1 వోల్టులు. ఫోను ఆగిపోతుంది! ప్రవాహం ఆగగానే వోల్టేజి తిరిగి పైకి లేస్తుంది. అందుకే మళ్ళీ వెలిగిస్తే 28 శాతం చూపించింది.

కొన్ని కొత్త ఫోన్లలో బ్యాటరీ ఆరోగ్యం ఎంతో సెట్టింగులలోనే కనిపిస్తుంది. పాత చవక ఫోన్లలో చాలావాటికి ఆ సౌకర్యం లేదు. కొన్నింటిలో "గుడ్" అన్న మాట ఒక్కటే ఉంటుంది. బ్యాటరీ మితిమీరి వేడెక్కలేదని, వోల్టేజి హద్దు దాటలేదని చెప్పే మాట అది. ఎంత మిగిలిందో చెప్పేది కాదు. కాబట్టి మనమే కొలవాలి.

పరీక్ష 1: కంటితో చూడడం

ఫోనును ఆపి, చదునైన బల్ల మీద వెల్లకిల పెట్టండి. మూలల మీద మెల్లగా తాకండి. ఊగుతున్నదా? బొంగరంలా తిరుగుతున్నదా? వెనుక మూత అంచు లేచిందా? తెర ఒకవైపు పైకి వచ్చిందా? వీటిలో ఏది కనిపించినా బ్యాటరీ ఉబ్బినట్లు అనుమానించాలి. లోపల రసాయన చర్యల వల్ల వాయువులు పుట్టడమే ఉబ్బుకు కారణం. అప్పుడు మిగతా పరీక్షలేవీ చేయకండి. చార్జింగు పెట్టకండి. నొక్కకండి, గుచ్చకండి. వెంటనే పెద్దలకు చెప్పి, పని తెలిసిన మరమ్మతుదారు చేత తీయించాలి. ఉబ్బిన బ్యాటరీ నిప్పంటుకునే ప్రమాదముంది.

మా విద్యార్థిని ఫోను ఊగలేదు. రెండవ పరీక్షకు వెళ్ళాము.

పరీక్ష 2: గడియారంతో కొలవడం

ఫోనును 100 శాతం వరకు చార్జి చేయండి. విమాన స్థితిలో పెట్టండి. తెర వెలుతురు పూర్తిగా పెంచి, ఫోనులో దాచి ఉన్న ఒక వీడియోను ఆగకుండా నడపండి. ప్రతి 10 శాతం తగ్గడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో వ్రాసుకోండి. నీడలో, ఒకే చోట చేయాలి.

మా ఫోను లెక్క ఇలా వచ్చింది:

100 నుంచి 90 వరకు – 36 నిమిషాలు
90 నుంచి 80 వరకు – 36 నిమిషాలు
80 నుంచి 70 వరకు – 35 నిమిషాలు
70 నుంచి 60 వరకు – 33 నిమిషాలు
60 నుంచి 50 వరకు – 29 నిమిషాలు
50 నుంచి 40 వరకు – 21 నిమిషాలు
40 నుంచి 30 వరకు – 12 నిమిషాలు

దీనిని గ్రాఫు కాగితం మీద గీయండి. పని ఒకే తీరుగా జరుగుతున్నప్పుడు మంచి బ్యాటరీలో ఈ మెట్లు దాదాపు సమానంగా ఉండాలి. మా గ్రాఫులో గీత మొదట్లో నెమ్మదిగా దిగి, సగం తరువాత గోడ దూకినట్లు పడిపోయింది. ఆ ఫోను లెక్క వేసుకున్నంత విద్యుత్తు బ్యాటరీలో లేదని దీని అర్థం.

తరువాత మళ్ళీ చార్జి చేసి, 40 శాతం దగ్గర టార్చి వెలిగించి వీడియో తీయబోయాము. ఫోను ఆగిపోయింది. తూములో కూడా మట్టి ఉందని తేలింది.

పరీక్ష 3: మీటరుతో కొలవడం

చార్జరుకూ ఫోనుకూ మధ్య పెట్టే చిన్న యు.ఎస్.బి. మీటరు ఒకటి ఉంటుంది. ఎంత శక్తి లోపలికి పోయిందో అది వాట్ గంటలలో చూపిస్తుంది. ఫోనును తక్కువ వెలుతురులో ఉంచి, ఇక వెలగనంత వరకు ఖాళీ కానివ్వాలి. ఇది పరీక్ష కోసం ఒక్కసారే. రోజూ అలా ఖాళీ చేయడం మంచిది కాదు. తరువాత ఫోను ఆపి ఉంచే పూర్తిగా చార్జి చేయాలి.

మా ఫోను బ్యాటరీ మీద 4000 మిల్లీ ఆంపియర్ గంటలు, 3.85 వోల్టులు అని ఉంది. అంటే 4 × 3.85 = 15.4 వాట్ గంటలు. మీటరు 11.2 వాట్ గంటలు చూపించింది. అయితే ఇందులో కొంత తీగలో, ఫోను లోపలి వలయంలో వేడిగా పోతుంది. అలా పోయేది 15 శాతం అనుకుంటే బ్యాటరీకి చేరింది సుమారు 9.5 వాట్ గంటలు. 15.4లో ఇది 62 శాతం. నష్టం 10 శాతమే అయితే 65 వస్తుంది. 20 శాతమైతే 58 వస్తుంది. కాబట్టి "58, 65ల మధ్య" అని చెప్పడమే నిజాయితీ. ఏ కొలతలోనైనా ఎంత తేడా రావచ్చునో కూడా చెప్పాలి. మీటరు 62 అన్నదని వ్రాసి ఊరుకుంటే అది సగం నిజమే.

సాధారణంగా 80 శాతం కన్నా తగ్గితే బ్యాటరీ మార్చే వేళ అయిందంటారు. 2025 జూన్ 20 నుంచి ఐరోపా సమాఖ్య తమ దేశాలలో కొత్తగా అమ్మకానికి వచ్చే ఫోన్లకు ఒక నియమం పెట్టింది. 800 చార్జింగు ఆవృత్తాల తరువాత కూడా బ్యాటరీ కనీసం 80 శాతం పట్టాలి. ఆవృత్తం అంటే మొత్తం మీద 100 శాతం వాడుక. ఈరోజు 50, రేపు 50 వాడితే కలిపి ఒక ఆవృత్తం. రోజుకు ఒకటి చొప్పున వాడితే ఏడాదికి 365. ఐదేళ్ళకు 1825! మా ఫోను బ్యాటరీ అలసిపోయిందంటే ఆశ్చర్యమేముంది?

మరి ఏం చేయాలి?

చెరువు పూడిక తీయవచ్చు గాని, బ్యాటరీలోని పొరను ఇంట్లో తీయలేము. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందనే మాటలు నమ్మకండి. బ్యాటరీని మార్చడమే దారి. అంతమాత్రాన ఫోను మొత్తం పారేయనక్కరలేదు. కొత్త బ్యాటరీ మీద భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు, "ఐ.ఎస్. 16046" అన్న సంఖ్య, "ఆర్"తో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయో లేదో చూసుకోండి. వెనుక మూత మీరు విప్పకండి. పాత బ్యాటరీని చెత్తకుప్పలోనో మంటలోనో వేయకూడదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించే బాధ్యత తయారీదారులపై ఉంది. బ్యాటరీ మార్చిన దుకాణంలోనే పాతది అప్పగించి, సేకరణకు పంపమని చెప్పండి.

కొత్త బ్యాటరీని కాపాడుకోవడం కూడా తెలిసి ఉండాలి. దానికి పెద్ద శత్రువు వేడి. మన ప్రాంతంలో ఎండాకాలం 45 డిగ్రీలు దాటే రోజులు కొత్త కావు. రేకుల ఇంట్లో మధ్యాహ్నం వేళ, దిండు కింద, ఎండ పడే కిటికీలో చార్జింగు పెట్టకండి. వీలైనంత వరకు 20కి, 80కి మధ్య ఉంచండి. రాత్రంతా పెట్టి ఉంచితే, నిండాక చార్జింగు ఆగినా, నిండుగా వేడిగా ఉన్న బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది.

మా విద్యార్థిని తన గ్రాఫును ఇంటికి తీసుకువెళ్ళి అమ్మకు చూపించింది. కొత్త ఫోను ఆలోచన మానుకొని, కోరుట్లలో బ్యాటరీ మార్పించారు. వెయ్యి రూపాయల లోపే అయింది. ఆ అమ్మాయి ఊరుకోలేదు. అదే వీడియోతో, అదే గదిలో రెండవ పరీక్ష మళ్ళీ చేసింది. ఈసారి మెట్లన్నీ దాదాపు సమానంగా వచ్చాయి. రెండు గీతలూ ఒకే కాగితం మీద గీసి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "శుక్రవారం నాన్నతో గంటసేపు మాట్లాడాను సార్, ఈ గ్రాఫు సంగతే చెప్పాను" అన్నది.

మీరూ చేసి చూడండి:

1. మీ ఇంటి ఫోనుకు మొదటి రెండు పరీక్షలు చేసి గ్రాఫు గీయండి. ఆరు నెలల తరువాత మళ్ళీ చేసి, పాత గీత పక్కనే కొత్త గీత గీయండి.

2. బ్యాటరీ మీద 5000 మిల్లీ ఆంపియర్ గంటలు, 3.85 వోల్టులు అని ఉంది. మీటరు 17 వాట్ గంటలు చూపించింది. వేడిగా పోయే నష్టం 15 శాతం అయితే బ్యాటరీ ఎంత శాతం మిగిలినట్లు? అది మార్చవలసినదేనా?

3. ఇంట్లో ఎవరైనా "ఫోను పాడైంది, కొత్తది కొందాం" అంటే, ముందు ఏమేమి పరీక్షించమని చెబుతారు?