పౌడర్ దొరకని రోజుల్లో: రీలోడింగ్ సందేహాలు - సమాధానాలు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికా నుంచి వచ్చినవే. అడిగిందీ దాదాపు ఒక్కటే: వాడే రైఫిల్ పౌడర్ దొరకడం లేదు, దాని బదులు ఏది వాడాలి? ముందే ఒక మాట. ఏ తూటాలో ఎన్ని గ్రెయిన్ల పౌడర్ పోయాలో ఈ శీర్షికలో రాయను. ఆ అంకె తయారీదారు అచ్చువేసిన తాజా డేటా నుంచే తీసుకోవాలి. పత్రికలో ఒక అచ్చుతప్పు పడితే పేలేది మీ చెంప పక్కన.

సందేహం: నా 6.5 క్రీడ్‌మూర్‌కు 140 గ్రెయిన్ల బుల్లెట్ వెనుక హెచ్ 4350 వాడుతున్నాను. డల్లాస్ చుట్టుపక్కల ఏ దుకాణంలోనూ డబ్బా కనిపించడం లేదు. నవంబరు జింకల వేటలోపు బదులు పౌడర్ తేల్చుకోవాలి. ఏది తీసుకోమంటారు? (ఫ్రిస్కో, టెక్సస్)

సమాధానం: మీ పౌడర్ అందరికన్నా ముందు మాయమవడానికి కారణం మీ తూటాయే. హార్నడీ సంస్థ 2007లో క్రీడ్‌మూర్‌ను తెచ్చినప్పుడు తన తూటాల పెట్టె మీదే లోడ్ వివరాలు అచ్చువేసింది. అందులో ఉన్న పౌడర్ హెచ్ 4350. అప్పటినుంచి క్రీడ్‌మూర్ కొన్న ప్రతివాడూ దాని వెంటే పడ్డాడు. పేరు అమెరికా హాడ్జ్‌డన్ కంపెనీదే అయినా తయారయ్యేది ఆస్ట్రేలియాలో, న్యూసౌత్‌వేల్స్‌లోని ముల్వాలాలో. అంటే సముద్రం దాటి రావాలి. దానికితోడు 2020లో కోవిడ్ భయంతో జనం అల్మారాలు ఊడ్చేశారు. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఫిరంగి గుండ్లకు గిరాకీ పెరిగింది. ఫిరంగికైనా మీ రైఫిల్‌కైనా మూలసరుకు ఒకటే, నైట్రోసెల్యులోజ్. దాన్ని చేసేది ఎక్కువగా పత్తి గింజకు జిన్నింగు తర్వాత అంటుకుని మిగిలే పొట్టి నూగుతో. పత్తి పండించే ఆదిలాబాద్, గుంటూరు వాళ్లకు ఆ నూగు తెలియనిది కాదు. నైట్రోసెల్యులోజ్ కొరతవల్లే 2024 మొదట్లో అలయంట్ కంపెనీ రీలోడర్ల పౌడర్ సరఫరా ఆపేస్తున్నట్టు ప్రకటించింది.

ఇక ఎంపిక. చాలామంది మండే వేగాల చార్టు తెరిచి, తమ పౌడర్‌కు పైన ఒకటి, కింద ఒకటి చూసుకుని దుకాణానికి పరుగెత్తుతారు. మీరు అలా చేయకండి. డేటా పుస్తకంలోగానీ, హాడ్జ్‌డన్ ఉచితంగా ఇచ్చే డేటాలోగానీ క్రీడ్‌మూర్ పేజీ తీయండి, అందులో 140 గ్రెయిన్ల బుల్లెట్ దగ్గర ఆగండి. అక్కడ ఏ పౌడర్ల పేర్లున్నాయో అవే మీ అభ్యర్థులు. ఐఎంఆర్ 4350, స్టాబాల్ 6.5, సూపర్‌ఫార్మెన్స్, హైబ్రిడ్ 100వి కనిపిస్తాయి. ఇతర కంపెనీల డేటాలో అలయంట్ వారి రీలోడర్ 16, విహ్తావూరి ఎన్150 ఉంటాయి. డేటా లేని పౌడర్ చార్టులో ఎంత దగ్గరగా ఉన్నా మీకు పనికిరాదు.

నన్ను అడిగితే స్టాబాల్ 6.5 మొదట ప్రయత్నించమంటాను. 2020లో వచ్చింది, చేసేది ఫ్లోరిడాలోని సెయింట్ మార్క్స్ కర్మాగారం, కాబట్టి ఓడ కోసం ఎదురుచూడక్కర్లేదు. గుండ్రటి బాల్ పౌడర్ కనుక కొలపాత్ర నుంచి నీళ్లలా జారుతుంది. పాత బాల్ పౌడర్లకు ఎండలో పీడనం పెరిగే గుణం ఉండేది. దీన్ని ఆ లోపం తగ్గేలా చేశారు. టెక్సస్‌లో ఆగస్టులో రేంజ్‌కు వెళ్లి, డిసెంబరులో వేటకు వెళ్లేవాడికి అది చిన్న విషయం కాదు. ఐఎంఆర్ 4350 రెండో ఎంపిక. నమ్మకమైన పాత పౌడరే గానీ వేడికి, చలికి వేగం మారుతుంది. పొడుగాటి పుల్లల్లాంటి గింజలు కొలపాత్రలో అడ్డం పడతాయి, ప్రతి చార్జీనీ త్రాసులో తూచక తప్పదు. రీలోడర్ 16 చాలా మంచిదేగానీ దాన్ని వెతుకుతూ కూర్చుంటే ఈ సీజను కూడా అయిపోతుంది.

ఏది కొన్నా లోడ్ మొదటినుంచి కట్టుకోవాల్సిందే. పుస్తకంలోని ప్రారంభ చార్జీతో మొదలుపెట్టండి. అది ఇవ్వని చోట గరిష్ఠానికి పది శాతం తక్కువతో మొదలుపెట్టండి. డేటాలో చెప్పిన ప్రైమరే వాడండి. చలిలో బాల్ పౌడర్ బాగా అంటుకోవాలని కొందరు మాగ్నమ్ ప్రైమర్ వేస్తారు, వేయవచ్చు. కానీ ప్రైమర్ మారిందంటే మళ్లీ కింది నుంచి రావాలి. క్రీడ్‌మూర్‌కు అమెరికా తుపాకుల పరిశ్రమ ప్రమాణాల సంస్థ ‘సామీ’ నిర్ణయించిన గరిష్ఠ సగటు పీడనం 62,000 పి.ఎస్.ఐ. ఆ గీత దాటామో లేదో మన కళ్లు చెప్పలేవు. ప్రైమర్ చదునవడం, కేసు అడుగున ఎజెక్టర్ గుర్తు పడటం, బోల్ట్ బిగుసుకోవడం లాంటివి చాలాసార్లు గీత దాటాకే కనిపిస్తాయి. క్రోనోగ్రాఫ్ అంతకన్నా ముందు హెచ్చరిస్తుంది. పుస్తకంలోని గరిష్ఠ వేగం మీ రైఫిల్‌లో తక్కువ చార్జీకే వచ్చేసిందంటే అక్కడే ఆగండి. పీడనం పెరగకుండా వేగం ఊరికే రాదు. పుస్తకంలో వాడిన బ్యారెల్ పొడవు ఎంతో కూడా చూసుకోండి. మీది అంతకన్నా పొట్టిదైతే ఆ వేగం రాకపోవడమే సహజం, దాన్ని అందుకోవాలని పౌడర్ పెంచకూడదు.

టెక్సస్‌లో తెల్లతోక జింకల సీజను నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. కొత్త లోడ్‌కు తగ్గట్టు స్కోప్ మళ్లీ జీరో చేసుకోవడానికి కూడా సమయం ఉంచుకోండి.

సందేహం: నా .308కి వార్గెట్ లేదు. చార్టులో దాని పక్కనే ఐఎంఆర్ 4064, రీలోడర్ 15 ఉన్నాయి. అదే చార్జీతో వీటిని వాడితే తేడా ఏముంటుంది? (కేటీ, టెక్సస్)

సమాధానం: వాడకండి. మండే వేగాల చార్టు ఎంసెట్ ర్యాంకుల జాబితా లాంటిది. ఎవరి వెనుక ఎవరో చెబుతుంది, మార్కులు చెప్పదు. ఇరవై, ఇరవై ఒకటి స్థానాల్లో ఉన్న రెండు పౌడర్ల మధ్య వెంట్రుకవాసి తేడా ఉండొచ్చు, ఆమడ దూరమూ ఉండొచ్చు. పైగా కేసు పరిమాణం, బుల్లెట్ బరువు మారితే ఆ వరుసే మారుతుంది. మీరు చెప్పిన రెండూ .308కి చక్కటి పౌడర్లు. 168 గ్రెయిన్ల బుల్లెట్‌కు ఐఎంఆర్ 4064ని తరాలుగా వాడుతున్నారు. హెచ్ 4895, విహ్తావూరి ఎన్140 కూడా మంచివే. కానీ దేని డేటా దానిదే.

పేర్లలో ఇంకో ప్రమాదం ఉంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత బ్రూస్ హాడ్జ్‌డన్ అనే ఆయన సైన్యం వదిలించుకున్న మిగులు పౌడర్ కొని రీలోడర్లకు అమ్మడం మొదలుపెట్టారు. 20 మిల్లీమీటర్ల ఫిరంగి గుండ్ల పౌడర్ అలాగే 4831 పేరుతో బజారుకొచ్చింది. తర్వాత అదే అంకెతో డ్యూపాంట్ వారి ఐఎంఆర్ 4831 వచ్చింది. అంకె ఒకటే, పౌడర్లు వేరు. ఐఎంఆర్ 4831 వేగంగా మండుతుంది. కాబట్టి హెచ్ 4831 గరిష్ఠ చార్జీని దాంతో పోస్తే పీడనం హద్దు మీరుతుంది. హెచ్ 4350, ఐఎంఆర్ 4350 సంగతీ అంతే. డబ్బా మీద అంకె చూసి ఊరుకోకుండా దాని ముందున్న అక్షరాలూ చదవండి.

నిజంగా ఒకటే అయినవీ లేకపోలేదు. హెచ్ 414, విన్‌చెస్టర్ 760 ఒకే పౌడర్, సీసా మీద చీటీ మాత్రమే వేరు. మీ దగ్గర ఒకదాని డేటా ఉండి బజారులో రెండోది దొరికితే కొనేయొచ్చు. అక్కడా కొత్త లాటు తెరిచినప్పుడు కాస్త తగ్గించి మొదలుపెట్టడం మంచిది. ఒకే పౌడర్‌లో కూడా లాటుకూ లాటుకూ కొద్ది తేడా ఉంటుంది.

సందేహం: నేను మెల్‌బోర్న్‌లో ఉంటాను. అమెరికన్ పుస్తకాల్లో వార్గెట్, హెచ్ 4350 అంటారు, ఇక్కడ నాకు దొరకవు. (మెల్‌బోర్న్, ఆస్ట్రేలియా)

సమాధానం: దొరుకుతున్నాయి, మీరు గుర్తుపట్టడం లేదంతే. అవి మీ దేశంలోనే తయారై ఏడీఐ పేరుతో అమ్ముడవుతాయి. వార్గెట్ అంటే ఏఆర్ 2208. హెచ్ 4350 అంటే ఏఆర్ 2209. హెచ్ 4895 మీ దగ్గర ఏఆర్ 2206హెచ్, హెచ్ 1000 అయితే ఏఆర్ 2217. ఈ సమానాల పట్టికను ఏడీఐయే ప్రచురిస్తుంది, తెచ్చుకుని బల్ల ముందు అతికించుకోండి. ఒక్క హెచ్చరిక: చివరి అక్షరం కూడా లెక్కలోకి వస్తుంది. 2206 వేరు, 2206హెచ్ వేరు.

సందేహం: పక్కింటి పెద్దాయన గ్యారేజీ ఖాళీ చేస్తూ రెండు డబ్బాల పౌడర్ ఇచ్చారు. ఒకదానిమీద చీటీ లేదు, రెండోదానిమీద పెన్నుతో ఏదో రాసి ఉంది. ఈ కరువులో పారేయబుద్ధి కావడం లేదు. (చార్లెట్, నార్త్ కరోలినా)

సమాధానం: పారేయండి. రంగు, గింజ ఆకారం చూసి పౌడర్‌ను గుర్తించడం ఎవరివల్లా కాదు. పిస్టల్ పౌడర్‌ను రైఫిల్ పౌడరనుకుని కేసు నింపితే రైఫిల్ ముక్కలవుతుంది. పచ్చగడ్డి మీద పలుచగా చల్లేయండి, నత్రజని ఎరువుగా పోతుంది. చీటీ ఉన్న పాత డబ్బాను కూడా మూత తీసి వాసన చూడాలి. ఆల్కహాలులాంటి వాసన మామూలే. ఘాటైన ఆమ్లపు వాసన వచ్చినా, ఎర్రటి గోధుమరంగు ధూళి కనిపించినా అది చెడిపోయినట్టు.

సందేహం: మా అబ్బాయికి పదమూడేళ్లు. .308 తన్ను తట్టుకోలేకపోతున్నాడు. సగం పౌడర్ పోస్తే తన్నూ తగ్గుతుంది, పౌడరూ మిగులుతుంది కదా? (ఓవర్లాండ్ పార్క్, కాన్సస్)

సమాధానం: మీ ఆలోచన మంచిదే, పౌడర్‌ను బట్టి ప్రాణాంతకం కూడా. నెమ్మదిగా మండే పౌడర్‌ను పెద్ద కేసులో కొద్దిగా పోస్తే అది సరిగా అంటుకోక, ఒక్కోసారి ఉన్నట్టుండి విపరీతమైన పీడనం లేపుతుంది. తుపాకులు బద్దలైన సందర్భాలున్నాయి. బాల్ పౌడర్లనూ ఇలా తగ్గించకూడదు. దీనికి సరిపోయేది హెచ్ 4895. హాడ్జ్‌డన్ స్వయంగా ఇచ్చిన సూత్రం ప్రకారం, ఆ పౌడర్‌కు డేటా ఉన్న తూటాల్లో చార్జీని గరిష్ఠంలో 60 శాతానికి తగ్గించవచ్చు, అంతకన్నా కిందికి కాదు. లెక్క కోసం, గరిష్ఠం 40 గ్రెయిన్లు అనుకుంటే 24 వరకు. ఒక పౌండులో 7,000 గ్రెయిన్లు. 40 చొప్పున పోస్తే 175 తూటాలు వస్తాయి, 24 చొప్పున పోస్తే 291. నిజమే, కరువులో కలిసొస్తుంది. కానీ సగం ఖాళీగా ఉన్న కేసులో పొరపాటున రెండుసార్లు పోసినా ఒక్కోసారి కంటికి ఆనదు. ప్రతి కేసులోకీ టార్చి వేసి చూశాకే బుల్లెట్ కూర్చోబెట్టండి. వేటకు తీసుకెళ్లేముందు ఆ వేగంలో బుల్లెట్ సరిగా విచ్చుకుంటుందో లేదో కూడా కనుక్కోవాలి.

సందేహం: దొరికినప్పుడే కొనిపెట్టుకుందామని ఉంది. ఇంట్లో ఎంత ఉంచవచ్చు? (ఎడిసన్, న్యూజెర్సీ)

సమాధానం: అమెరికా అగ్నిమాపక ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 495 ప్రకారం నివాసంలో 20 పౌండ్ల వరకు, అదీ కంపెనీ డబ్బాల్లోనే. అంతకు మించి 50 పౌండ్ల వరకు అయితే కనీసం అంగుళం మందం చెక్కపెట్టెలో ఉంచాలి. మీ ఊరి నిబంధనలు ఇంకా కఠినంగా ఉండొచ్చు, స్థానిక ఫైర్ విభాగాన్ని అడగండి. ఒకే పౌడర్ 20 పౌండ్లు కొనేకన్నా, మీ తూటాకు నప్పే రెండు మూడు రకాలు కొద్దికొద్దిగా కొని, అన్నింటికీ ఇప్పుడే లోడ్ కట్టిపెట్టుకోండి. కరువొచ్చాక వెతకడం కన్నా అది తేలిక. బల్ల మీద మాత్రం ఎప్పుడూ ఒక్క డబ్బాయే ఉండాలి.

సందేహం: మా అన్నయ్య డల్లాస్ నుంచి వస్తున్నాడు. ఒక పౌండు డబ్బా సామాన్లలో తెప్పించుకోవచ్చా? (హైదరాబాద్)

సమాధానం: తెప్పించుకోకూడదు. అమెరికా విమానాల్లో పౌడర్ చేతిసంచిలోనూ, చెకిన్ సామానులోనూ నిషిద్ధం. ఇక్కడ 1959 ఆయుధాల చట్టం కింద తూటాల తయారీకీ, దిగుమతికీ లైసెన్సు ఉండి తీరాలి. పౌడర్, ప్రైమర్ కూడా ఆ చట్టం పరిధిలోవే. మీ తుపాకీ లైసెన్సు వాటికి చాలదు. అన్నయ్యను ఇరికించకండి.

సందేహం: నేను హెచ్-1బి మీద ఆస్టిన్‌లో ఉన్నాను. తుపాకీ నాది కాదు, స్నేహితుడిది. అతని కోసం దొరికిన చోట పౌడర్ కొని మా ఇంట్లో ఉంచితే ఇబ్బందేమైనా ఉందా? (ఆస్టిన్, టెక్సస్)

సమాధానం: ఈసారి వచ్చిన ఉత్తరాల్లో అన్నిటికన్నా అవసరమైన ప్రశ్న ఇదే. అమెరికా ఫెడరల్ చట్టం నిర్వచనంలో తూటా ఒక్కటే ‘అమ్యునిషన్’ కాదు. ఖాళీ కేసు, ప్రైమర్, బుల్లెట్, పౌడర్ కూడా అమ్యునిషనే. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు మినహాయింపు లేకుండా అమ్యునిషన్ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. శిక్ష 15 ఏళ్ల వరకు ఉండొచ్చు, వీసా సంగతి ఇక చెప్పనక్కర్లేదు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. మీలాంటివారికి ఎక్కువగా పనికొచ్చే మినహాయింపు, అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. అది లేకుండా స్నేహితుడి డబ్బా మీ అల్మారాలో ఉన్నా తప్పే. లైసెన్సు తీసుకునే ఆలోచన ఉంటే ముందు ఇమిగ్రేషన్ న్యాయవాదితో మాట్లాడండి. టెక్సస్ వేట లైసెన్సు ఏటా ఆగస్టు 31తో ముగుస్తుంది. కొత్తది చేతికి రాకుండా సెప్టెంబరు 1న ఒక్క పౌడర్ డబ్బా కూడా మీ ఇంట్లో ఉండకూడదు.