ద్రాక్షను నీడన ఆరబెట్టు వాల్పొలిచెల్లా రైతులు

ఇటలీ దేశమున ఆల్ప్స్ పర్వతములకు దిగువగా, వెరోనా నగరమునకు వాయవ్యమున, లెస్సీని కొండల పాదమున వాల్పొలిచెల్లా ప్రాంతమున్నది. ఇచ్చటి రైతులు మేలిరకపు ద్రాక్షసారాయమునకై కోసిన పండును వెంటనే పిండరు; మూడు నాలుగు నెలలు నీడన ఆరబెట్టి చలికాలమున పిండుదురు. ఇది ప్రాచీనమైన పద్ధతి. వెరోనా ప్రాంతమున శీతకాలము వరకు నిలువ ఉంచిన ద్రాక్షతో చేయు సారాయమును 6వ శతాబ్దములోనే కాసియోడోరస్ అను మంత్రి తన లేఖలో వర్ణించెను.

తోట

ఏటవాలు నేలలలో మట్టి కొట్టుకొని పోకుండ, సున్నము వేయకయే రాతిగోడలు పేర్చి మళ్ళు కట్టుదురు. మన రైతులవలెనే వీరును తీగను పందిరిపై ప్రాకించు వాడుక కలవారు. కొర్వీనా, కొర్వినోనే, రొండినెల్లా ముఖ్యమైన రకములు. కొర్వీనా పండు తొక్క మందముగా నుండుటచే ఆరబెట్టుటకు అనువైనది.

గుత్తుల ఏరివేత

కోత సెప్టెంబరు, అక్టోబరు నెలలలో జరుగును. అసలు మెలకువ ఇచ్చటనే యున్నది. గింజలు ఒత్తుగా లేక, నడుమ గాలి ఆడు గుత్తులను మాత్రమే చేతితో ఏరుదురు. చితికిన పండు ఒక్కటి యున్నను బూజు పట్టి ప్రక్కవానిని చెరచును. కోతవేళ వర్షము కురిసినచో ఆరబెట్టుటకు పనికివచ్చు గుత్తులు తగ్గిపోవును.

ఆరబెట్టుట

గాలి ధారాళముగా వచ్చు అటకలపై గుత్తులను ఒకే వరుసగా పరచుదురు. పూర్వము ఇందులకు వాడిన రెల్లు తడకలు పట్టుపురుగుల పెంపకమునకును ఉపయోగపడెడివి. నేడు తరచుగా పెట్టెలను, తేమ హెచ్చినపుడు పంకాలను వాడుచున్నారు. చెడిన పండును ఎప్పటికప్పుడు తీసివేయవలెను. 100 కిలోల పండు ఆరిన పిమ్మట 60 నుండి 70 కిలోలు మాత్రమే మిగులును. నీరు తగ్గి చక్కెర చిక్కబడును.

పులియబెట్టుట

సాధారణముగా జనవరి, ఫిబ్రవరి నెలలలో పండును చితుకగొట్టి పులియబెట్టుదురు. చలివలనను, చక్కెర అధికమగుటవలనను పులియుట మెల్లగా సాగును. చక్కెర కొంత మిగిలియుండగనే ఆపినచో తీయని రెచోతో అగును. చక్కెర దాదాపు పూర్తిగా పులిసినచో అమరోనే అగును; ఇటలీ భాషలో ‘అమారో’ యనగా చేదు. మిగిలిన పిప్పిని సయితము పారవేయరు. సాధారణ సారాయమును దానిపై పోసి మరల పులియబెట్టుదురు. దీనిని రిపాస్సో అందురు.

గమనింపదగిన విషయము

అటకపై నున్న నాలుగు నెలలును రైతుకు చేతికి సొమ్ము రాదు, బరువు తగ్గుచుండును, బూజు భయము తీరదు. అయినను ఓర్పుతో కాచుకొన్నవానికి హెచ్చు ధర లభించును. ఈ పేరును ఇతరులు వాడకుండ 1968లో ప్రభుత్వము కట్టడి చేసినది; 2010లో అమరోనే, రెచోతోలకు అత్యున్నత శ్రేణి గుర్తింపు లభించినది. ఏ రకము ఎంత పాలు చేర్చవలెనో, ఎప్పుడు పిండవలెనో నిబంధనలే నిర్ణయించును.

సారాయమును ప్రోత్సహించుట ఈ వ్యాసపు ఉద్దేశము కాదు. పండును ఆరబెట్టి నిలువ చేయు ప్రతి రైతునకును ఇందు మూడు పాఠములు కలవు: కోతనాడే మంచి కాయను ఏరుట, గాలి తగులనిచ్చుట, చెడినదానిని వెంటనే తొలగించుట. ఈ మూటిలో ఏ ఒక్కటి లోపించినను తక్కిన శ్రమయంతయు వృథా యగును.