తీగకు రక్షణ, మనిషికి రక్షణ: ఇంటి విద్యుత్ పనికి ముందు తెలుసుకోవలసిన విషయాలు

ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953లో బళ్లారి జిల్లా నుండి విడివడి ఆంధ్ర రాష్ట్రంలో చేరాయి. సరిహద్దు మారినా రాకపోకలు ఆగలేదు. ఉపాధి కోసం బళ్లారికి వచ్చి అద్దె ఇళ్లలో నివసించే తెలుగు కుటుంబాలు నేటికీ అనేకం. కొత్త ఊరిలో కరెంటు పని పడినప్పుడు తెలుగు మాట్లాడే పనివాడు దొరికితే చాలుననుకోవడం సహజం. మాట కలవడం మంచిదే. అయితే అది పనితనానికి రుజువు కాదు. ఏమి అడగాలో, ఏమి చూడాలో తెలిసిన గృహస్థుడే సరైన పని చేయించుకోగలడు. ఈ పాఠం ఉద్దేశం అదే.

1. ఎంసీబీ ఎవరిని కాపాడుతుంది?

బోర్డులో ఎంసీబీ ఉంటే ఇల్లు క్షేమమని చాలామంది భావిస్తారు. ఎంసీబీ ప్రధానంగా తీగను కాపాడే సాధనం. ప్రవాహం మితిమీరి తీగ వేడెక్కకుండా అది సరఫరాను తెంచుతుంది. 10 ఆంపియర్ల ఎంసీబీ గుండా 10,000 మిల్లీఆంపియర్లు నిరాటంకంగా ప్రవహించవచ్చు. మనిషి గుండెకు ముప్పు తేవడానికి కొన్ని పదుల మిల్లీఆంపియర్లే చాలు. కనుక షాకు తగిలిన మనిషి విలవిలలాడుతున్నా ఎంసీబీ కదలకపోవచ్చు.

మనిషిని కాపాడేందుకు ఉద్దేశించినది ఆర్‌సీసీబీ. ఫేజ్ తీగలో వెళ్లిన విద్యుత్తు, న్యూట్రల్ తీగలో తిరిగి వచ్చిన విద్యుత్తు సమానంగా ఉన్నాయా లేవా అని అది నిరంతరం పోల్చి చూస్తుంది. తేడా వస్తే, కొంత విద్యుత్తు మరో దారిన, బహుశా మనిషి శరీరం గుండా, భూమిలోకి పోతున్నదని అర్థం. వెంటనే సరఫరా తెగిపోతుంది. ఇళ్లకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తగినది. దానిపై ఉన్న ‘టెస్ట్’ మీటను నెలకొకసారి నొక్కి, అది పడుతున్నదో లేదో చూసుకోవాలి. ఒక చేత్తో ఫేజ్‌ను, మరో చేత్తో న్యూట్రల్‌ను ఏకకాలంలో తాకిన మనిషిని మాత్రం ఆర్‌సీసీబీ కూడా గుర్తించలేకపోవచ్చు. ఏ సాధనమున్నా జాగ్రత్త తప్పదు.

2. ఎర్తింగు, ఎండిన నేల

బళ్లారి వేసవిలో ఇనుప కూలర్ వాడే ఇళ్లున్నాయి. లోహపు శరీరం, నీరు, తడి చేతులు అక్కడ ఒకేచోట కలుస్తాయి. లోపలి ఫేజ్ తీగ తొడుగు చెడి శరీరానికి తగిలితే, ఎర్తింగు ఉన్న కూలర్‌లో ఆ విద్యుత్తు ఆకుపచ్చ తీగ ద్వారా భూమిలోకి పోతుంది. ఎర్తింగు లేకపోతే కూలర్‌ను తాకిన మనిషే దానికి దారి అవుతాడు.

నేల ఎండినకొద్దీ దాని విద్యుత్ నిరోధం పెరుగుతుంది. ఎర్తింగు నిరోధం 20 ఓములైతే, 230 వోల్టుల వద్ద భూమిలోకి పోయేది 11.5 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి పడదు. అందుచేత ఎర్తింగు గుంతకు వేసవిలో నీరు పోయడం, ఆర్‌సీసీబీ అమర్చుకోవడం రెండూ అవసరమే. ఒకటి మరొకదానికి బదులు కాదు.

సాకెట్టులో ఎర్త్ రంధ్రాన్ని న్యూట్రల్‌కు కలిపి ‘ఎర్తింగు ఇచ్చాము’ అనే పనివారుంటారు. ఇది ప్రమాదకరం. న్యూట్రల్ తీగ ఎక్కడైనా తెగితే ఉపకరణం శరీరమంతటికీ విద్యుత్తు వస్తుంది. త్రీపిన్ ప్లగ్గులోని లావుపాటి పిన్ను విరిచి వాడడమూ అంతే అపాయకరం. కూలర్‌లో నీరు పోసే ముందు స్విచ్ ఆపి, ప్లగ్గు తీయాలి.

3. పనివానిని ఎంచుకోవడం

బల్బు, ఫ్యాను, స్విచ్ వంటివి మార్చడం చిన్న పని. కొత్త వైరింగు, అదనపు సాకెట్లు, బోర్డు మార్పు అలాంటివి కావు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 భద్రతా నిబంధనల ప్రకారం వీటిని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారా, అర్హతాపత్రం ఉన్నవారి పర్యవేక్షణలో, పర్మిట్ ఉన్న పనివారితో చేయించాలి. కర్ణాటకలో ఈ అనుమతుల వ్యవహారం విద్యుత్ తనిఖీ శాఖది. కన్నడ ఫలకాలపై దాని పేరు ‘విద్యుత్ పరివీక్షణాలయ’ అని కనిపిస్తుంది. ‘పరవానగి’ అంటే లైసెన్సు, ‘గుత్తిగెదార’ అంటే కాంట్రాక్టరు.

పనివాడు కన్నడమే మాట్లాడితే ఈ మాటలు ఉపయోగపడతాయి:

• ‘నిమ్మ హత్తిర పర్మిట్ ఇదెయా?’ (మీ దగ్గర పర్మిట్ ఉందా?)
• ‘మెయిన్ ఆఫ్ మాడిద్దీరా?’ (మెయిన్ ఆపారా?)
• ‘అర్థింగ్ సరియాగిదెయా?’ (ఎర్తింగు సరిగా ఉందా?)
• ‘బిల్ కొడి.’ (బిల్లు ఇవ్వండి.)

తీగలు ఐఎస్ఐ ముద్ర ఉన్నవే కొనాలి. లైట్లకు సాధారణంగా 1.5, 16 ఆంపియర్ల సాకెట్లకు 2.5, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడతారు. ఎర్త్ తీగ ఆకుపచ్చదై ఉండాలి. న్యూట్రల్‌కు సాధారణంగా నల్ల తీగ వాడతారు. మీటరును, దాని సీలును ఏ ప్రైవేటు పనివాడూ తెరవరాదు. అది గుల్బర్గా విద్యుత్ సరఫరా కంపెనీ, అంటే జెస్కామ్ పని. ఫిర్యాదుకు 1912 నంబరు.

4. అద్దెదారు మాట

బోర్డు మార్పుకు ఇంటి యజమాని సమ్మతి కావాలి. ‘ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు కదా’ అనే సమాధానం తరచు వినవస్తుంది. ఏమీ కాకపోవడం ఎర్తింగు ఉందనడానికి సాక్ష్యం కాదు. పర్మిట్ ఉన్న పనివానితో పరీక్ష చేయించి, లోపాన్ని రాతపూర్వకంగా యజమానికి తెలపాలి. అది సరిదిద్దేవరకు ఆ సాకెట్టులో ఇనుప కూలర్‌ను, గీజరును వాడరాదు.

5. షాకు తగిలినప్పుడు

ఆత్రుతతో ఆ వ్యక్తిని తాకితే ఆపద ఇద్దరికవుతుంది. మొదట మెయిన్ ఆపాలి. అది సాధ్యం కానప్పుడు పొడినేలపై నిలబడి, ఎండిన కర్రతో ఉపకరణాన్ని లేదా తీగను దూరంగా నెట్టాలి. ఆపై 108కు ఫోను చేయాలి. శ్వాస లేకుంటే, శిక్షణ పొందినవారు వెంటనే ఛాతీని నొక్కుతూ గుండెకు ఊతమివ్వాలి. పైకి బాగానే కనిపించినా వైద్యునికి చూపించాలి.

పునశ్చరణ

1. షాకు తగిలినా ఎంసీబీ ఎందుకు పడకపోవచ్చు?
2. ఎర్త్, న్యూట్రల్ కలపడం వల్ల కలిగే ముప్పు ఏమిటి?
3. మీ ఇంటి బోర్డులో ‘టెస్ట్’ మీట ఉన్న సాధనం ఉందా? ఈ రోజే చూడండి.