కాలువల కాపుదల

ద్రాక్షారామమున భీమేశ్వరాలయము చుట్టును కనుచూపుమేర వరిచేలు కలవు. గోదావరి చెంతనే యున్నను, ఈ సీమ ఒకప్పుడు కరవులపాలయినది. 1833లో క్షామము, 1839లో ఉప్పెన ప్రజలను క్రుంగదీసెను. నదీజలమంతయు వృథాగా సముద్రమున కలియుచుండెను.

అప్పుడు ఆర్థర్ కాటన్ అను ఇంజనీరు ధవళేశ్వరమువద్ద 1847లో ఆనకట్ట నారంభించి 1852లో ముగించెను. వీణెం వీరన్న ఆయనకు కుడిభుజమై నిలిచెను. ఏటినీరు కాలువలవెంట ఈ తూర్పు డెల్టా పొలములకు చేరెను. ఆ ఆనకట్ట పాతబడగా, 1982 నాటికి కాటన్ పేరనే బ్యారేజి వెలసెను.

కట్టుటతోనే పని తీరదు. వేసవిలో కాలువలకు నీరు నిలిపి పూడిక తీయవలెను; గట్లు పటిష్ఠము చేయవలెను; లాకుల తలుపులు సరిచూడవలెను. ఈ భారము వహించిన ప్రభుత్వశాఖను మన పెద్దలు మరామత్తు శాఖ యనిరి. నేడు జలవనరుల శాఖ ఆ పని చేయుచున్నది.

బాలలారా! ఎగువ రైతు గట్టు తెగగొట్టి అదనముగా నీరు మళ్ళించుకొనినచో, కాలువ చివరి చేను ఎండిపోవును. లస్కరు ఒక్కడే కాలువనంతయు కాయజాలడు. ప్రజల సొమ్ముతో కట్టినదానిని ప్రజలును కాపాడవలెను. అప్పుడే చివరి చేనికిని నీరందును.